ఆపేవాడా, ఆడేవాడా?

మా మనవణ్ణి స్కూలు ఫుట్‌బాల్ జట్టులోంచి తీసేశారు.

కబురు తెలియగానే ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడారు. "మంచిదే, పదో తరగతి పరీక్షలొస్తున్నాయి" అన్నాడు మా అబ్బాయి. "ఎండలో పడి నల్లబడటం తప్పింది" అంది కోడలు. "ఎవరో పెద్దవాళ్ల పిల్లాడికోసం తీసేసి ఉంటారు, అన్నీ రికమెండేషన్లే కదా!" అన్నారు మావారు, పేపరు మొహం మీంచి దించకుండానే. వాడు మాత్రం బూట్లు బీరువా కిందికి విసిరేసి, దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాడు. పెరుగన్నం కూడా వద్దన్నాడు. మా వంశంలో పెరుగన్నం వద్దన్నారంటే అది చిన్న విషయం కాదు సుమండీ.

రాత్రి అందరూ పడుకున్నాక వెళ్లి వాడి మంచం పక్కన కూచున్నాను.

"అసలేమన్నారురా మీ కోచ్?"

"డిఫెన్సు బాగానే చేస్తావు, కానీ నీకు బంతి ఆడటం రాదన్నారు నానమ్మా. ఇప్పుడు వెనకనించే ఆట మొదలుపెట్టేవాళ్లు కావాలిట."

"ఆపడం కదా నీ పని?"

"నేనూ అదే అన్నాను" అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. ఆపేవాణ్ణి పట్టుకుని నీకు ఆడటం రాదంటే ఎలా? కాపలావాణ్ణి పట్టుకుని నీకు పాట రాదన్నట్టు లేదూ!

ఈవిడకి ఫుట్‌బాల్ గురించి ఏం తెలుసని మీరు నవ్వుకోవచ్చు. కొంచెం తెలుసు. అది మా మామగారు పెట్టిన భిక్ష. ఆయన సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆడుతోందంటే ఆఫీసునించి తిన్నగా సైకిలెక్కి ఫతే మైదానానికి పోయేవారట. అదే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొచ్చిన జట్టది. వాళ్లకి ఆట నేర్పినాయన సయ్యద్ అబ్దుల్ రహీం గారు, బడిపంతులుగా పనిచేసిన మనిషి. మామగారు ఆయన్ని పేరుపెట్టి ఎప్పుడూ అనలేదు. 'రహీం సాబ్' అనేవారు, అదీ కుర్చీలో కాస్త సర్దుకుని కూచుని.

నేను కాపరానికొచ్చిన కొత్తలో సాయంత్రాలు నాకూ, మా తోడికోడలికీ ఆయన చెప్పిన కథల్లో జర్నైల్ సింగ్ కథ ఒకటి. 1962లో జకార్తాలో ఏషియన్ క్రీడలు. జర్నైల్ సింగ్ మన జట్టులో స్టాపరు, అంటే గోలుముందు గోడ. థాయిలాండుతో ఆడుతున్నప్పుడు తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ఇంట్లో అయితే మనం మంచం దిగనివ్వం. రహీం సాబ్ ఏం చేశారో తెలుసా? వెనక గోడగా నిలబడేవాణ్ణి సెమీఫైనల్లో తీసుకెళ్లి ముందు ఫార్వర్డుగా నిలబెట్టారు. కట్టు కట్టిన తలతో ఆడి అతను గోలు చేశాడు. మనం దక్షిణ వియత్నాంని 3-2తో గెలిచాం. ఫైనల్లో మళ్లీ గోలు చేశాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం మనది.

"ఆపడం తెలిసినవాడికి ఎక్కడ సందు దొరుకుతుందో కూడా తెలుస్తుందమ్మా" అని ముగించేవారు మామగారు. కానీ ఆ జర్నైల్ సింగ్ గొప్ప డిఫెండరని పొగిడేటప్పుడు ఎన్ని పాసులు ఇచ్చాడన్న లెక్క ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ముందుకి వచ్చినవాణ్ణి ఆపాడా, బంతిని ఆకాశానికి తన్నాడా, అంతే. గోలుకి దూరంగా పోయిన ప్రతి బంతీ పుణ్యమే.

మరి ఎప్పుడు మారింది ఈ లెక్క? మర్నాడు మనవడే చెప్పాడు, కోపంగానే చెప్పాడు గానీ విడమరిచి చెప్పాడు. 1992 దాకా డిఫెండరు చిక్కులో పడితే బంతిని వెనక్కి గోల్ కీపరుకి తన్నేవాడు. అతను హాయిగా చేతుల్లోకి తీసుకుని, నాలుగుసార్లు నేలకి కొట్టి, తీరుబడిగా ఎక్కడికో విసిరేవాడు. ఆ ఏడాది ఆ సుఖం తీసేశారు. సొంత జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్ కీపరు చేత్తో ముట్టకూడదన్నారు. ఇంకొకటి 2019లో వచ్చింది. గోల్ కిక్ కొట్టినప్పుడు, అంతకుముందు బంతి పెనాల్టీ ఏరియా దాటితేగాని సొంత ఆటగాడు దాన్ని ముట్టకూడదు. ఇప్పుడు ఆ గడిలోనే పక్కవాడు అందుకోవచ్చు. దాంతో ఆట గుమ్మం దగ్గర కాదు, ఇంట్లోనే మొదలవుతోంది. అవతలివాళ్లూ ఊరుకోరు కదా, బంతి లాక్కోవడానికి మన వంటింటి దాకా వచ్చేస్తున్నారు. అప్పుడు కంగారుపడకుండా ఆ బంతిని మనవాడికే అందించేవాడు కావాలి. అదీ సంగతి. కోచ్ గారు వట్టినే అనలేదన్నమాట.

అయినా నానమ్మ మనసు ఒప్పుకుంటుందా? ఆదివారం పొద్దున్నే పాల లెక్క రాసే పుస్తకం, పెన్సిలు, మంచినీళ్ల సీసా పట్టుకుని ఆటో ఎక్కి వాళ్ల గ్రౌండుకి వెళ్లాను. ప్రాక్టీసు మ్యాచి. అసలు జట్టు ఒకవైపు, మావాడూ మిగిలినవాళ్లూ ఒకవైపు. పుస్తకంలో నిలువుగా గీత గీసి ఒకవైపు 'ఆపినవి', రెండోవైపు 'అందించినవి' అని రాసుకున్నాను. మావాడి స్థానంలో వచ్చిన పొడుగాటి కుర్రాడికో పేజీ, మావాడికో పేజీ. చెట్టుకింద నిలబడ్డ తలిదండ్రులు నన్ను ఆదాయప్పన్ను మనిషిని చూసినట్టు చూశారు.

ఆట అయ్యేసరికి నా పెన్సిలు అరిగిపోయింది గానీ ప్రాణం లేచొచ్చింది. మావాడు ఆపినవి పధ్నాలుగు! ఆ పొడుగాటి కుర్రాడు ఆపినవి మూడంటే మూడు. అందించినవాటిలో ఆ కుర్రాడిది పైచేయి అనుకోండి, ఇరవైతొమ్మిది పాసులు సరిగ్గా చేరాయి. మావాడివి ఆరు. కానీ డిఫెండరు గదా, ఆపడమే గదా ముఖ్యం!

ఇంటికొచ్చి విజయోత్సాహంతో పుస్తకం తెచ్చి మా తోడికోడలి ముందు పెట్టాను. మేమిద్దరం ఒకే ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటున్నాం, కింద వాటా ఆవిడది, పై వాటా మాది. అక్కయ్య చింతపండులో గింజలు తీస్తోంది. కళ్లజోడు సర్దుకుని రెండు పేజీలూ చూసింది.

"ఈ పొడుగాటి అబ్బాయిని దాటి ఎంతమంది వెళ్లారే?" అంది.

ఆలోచించాను. "ఎవరూ వెళ్లినట్టు లేదు."

"మరి మనవాణ్ణి?"

"...నలుగురు."

"మరింకేం" అని మళ్లీ గింజలు తీసుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫుట్‌బాలంటే ఏమిటో తెలియని మనిషి! కానీ పైకి వెళ్లి కాఫీ తాగుతూ ఆలోచిస్తే ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. దొంగని పట్టుకున్న కానిస్టేబుల్ని అందరం పొగుడుతాం. దొంగ రాని వీధిలో కానిస్టేబుల్ని ఎవరు పొగుడుతారు? అతను నిద్రపోతున్నాడా, లేక అతన్ని చూసే దొంగ రాలేదా అన్నది ఏ పుస్తకంలో రాస్తాం?

సాయంత్రం మనవణ్ణి కూచోబెట్టి అడిగాను, ఏమీ ఆపకుండానే ఆపడం అంటూ ఒకటుంటుందా అని. వాడు కాసేపు గోళ్లు కొరుక్కుని, ఫోనులో ఒక ఆట చూపించాడు. 2019 మార్చి 31న లివర్‌పూల్‌కీ, టాటెన్‌హామ్‌కీ జరిగిన మ్యాచి. చెరో గోలు, ఆట అయిపోవచ్చింది. టాటెన్‌హామ్ వాళ్లు ఇద్దరు బంతి పట్టుకుని దూసుకొస్తున్నారు. ఎదురుగా లివర్‌పూల్ డిఫెండరు ఒక్కడే, వర్జిల్ వాన్ డైక్ అనే ఆజానుబాహువు. బంతి సిస్సోకో దగ్గరుంది. పక్కన వస్తున్నవాడు సన్, గోలు కొట్టడంలో ఆరితేరినవాడు. నేనైతే బంతి ఉన్నవాడి మీదికి ఉరికేదాన్ని. వాన్ డైక్ ఉరకలేదు. వెనక్కి నడుస్తూ, ఇద్దరికీ మధ్య దారిలో నిలబడ్డాడు. బంతి సన్‌కి చేరకుండా చూసుకుని, సిస్సోకోని పోనిచ్చాడు, అదీ అతనికి అలవాటులేని ఎడమకాలి వైపుకి. సిస్సోకో తప్పనిసరై ఎడమకాలితో కొట్టాడు. బంతి గోలు కర్ర పైనుంచి ఎక్కడికో పోయింది. తర్వాత లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

వాన్ డైక్ ఆ బంతిని ముట్టుకోలేదు. నా పాల పుస్తకంలో ఆ పనికి గడి లేదు.

"ఇలాంటివాళ్లకి బహుమతులిస్తారా?" అని అడిగాను.

వాడు నవ్వాడు, మూడురోజుల తర్వాత మొదటిసారి. యూరప్‌లో 1956 నుంచి అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే బంగారు బంతి బహుమతి ఉందిట, బాలన్ డోర్ అంటారు. ఇన్నేళ్లలో అది దక్కిన డిఫెండర్లు ముగ్గురే. జర్మనీ బెకెన్‌బావర్‌కి 1972లో ఒకసారి, 1976లో ఒకసారి. ఆ దేశం మనిషే జామర్‌కి 1996లో. వాళ్లిద్దరూ అందరికీ వెనకనుండి ఆడుతూ, వీలు చిక్కినప్పుడల్లా బంతి తీసుకుని ముందుకి నడిచి ఆట నడిపించినవాళ్లు. మూడో ఆయన ఇటలీ కన్నవారో, 2006లో. పేరు వింటే మనకి పుట్టిల్లు గుర్తొస్తుంది గానీ, అతను అచ్చంగా ఆపేవాడే. డిఫెండర్లలో పొడుగు కూడా కాదు. 2019లో వాన్ డైక్‌కి కొద్దిలో తప్పి రెండోస్థానం వచ్చింది. అంటే అచ్చమైన కాపలాకి ఆ బంగారు బంతి దక్కింది ఒక్కసారి. ఆడిన ఆట కనిపిస్తుంది, ఆపిన ఆట కనిపించదు. మరి లోకం కనిపించినదానికే గదా చప్పట్లు కొట్టేది!

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 2021 జులైలో యూరో కప్పు ఫైనల్ వచ్చింది. కరోనా మూలంగా 2020లో జరగాల్సింది ఏడాది ఆలస్యంగా జరిగింది. మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి. మనవడికప్పుడు పదకొండేళ్లు. వాడికి తోడుగా నేనూ, నిద్రపట్టక అక్కయ్యా టీవీ ముందు కూచున్నాం. లండన్‌లో ఇంగ్లండుకీ ఇటలీకీ ఆట. రెండో నిమిషంలోనే ఇంగ్లండు గోలు చేసింది. మేమంతా బంతి వెంట కళ్లు పరిగెత్తిస్తుంటే అక్కయ్య ఉన్నట్టుండి, "ఆ బట్టతల అబ్బాయి ఎప్పుడు చూసినా అక్కడే ఉంటాడేం?" అంది.

ఆ బట్టతల అబ్బాయి ముప్ఫై ఆరేళ్ల కియెల్లీని, ఇటలీ కెప్టెను. బంతి ఎక్కడికి రాబోతుందో అక్కడ ముందే ఉండేవాడు. అతని పక్కన ఇంకో డిఫెండరు బొనూచ్చి. ఇతను దూరంగా ఉన్నవాడికి సైతం బంతిని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు ఇవ్వగలడు. ఆ రోజు గోలు బాకీ తీర్చింది కూడా బొనూచ్చే. ఆట చివర్లో సాకా అనే ఇంగ్లండు కుర్రాడు కియెల్లీనిని దాటి పరిగెత్తబోయాడు. ఇంకేం చెయ్యాలో తోచక ఆయన వెనకనుంచి వాడి చొక్కా కాలరు పట్టుకుని లాగేశాడు! రోడ్డుమీదికి పరిగెత్తే పిల్లవాణ్ణి మనం లాగినట్టే. పచ్చకార్డు చూపించారు, ఆయన నవ్వుతూ పుచ్చుకున్నాడు. అది న్యాయం కాదనుకోండి. అక్కయ్య మాత్రం "పాపం, పెద్దవాడైపోయాడు, మరేం చేస్తాడు" అంది. చివరికి పెనాల్టీల్లో ఇటలీ 3-2తో గెలిచింది.

ఆ బట్టతలాయన అక్కయ్యకే ఎందుకు కనబడ్డాడో నాకు చాలాకాలం తట్టలేదు. ఈ పాల పుస్తకం గొడవతో తట్టింది.

మా ఇంటికి చుట్టాలొస్తే మాటలు చెప్పేదాన్ని నేను. వీధి గదిలో కాఫీలు అందించి, మర్యాదలు చేసి, పెళ్లిళ్లు కుదిర్చి, పేచీలు తీర్చిందీ నేనే. "చిన్నకోడలు చలాకీ" అన్న పేరు నాది. అక్కయ్య లోపల ఉండేది. ఆవిడ ఏం చేసిందంటే చెప్పడానికేమీ లేదు. గ్యాసు కట్టేసిందా అని ఆవిడ ఒక్కతే చూసేది. మామగారి మందులు అయిపోకముందే తెప్పించేది. అత్తయ్యగారికి ఒకరి మీద కోపం వస్తోందని గ్రహించి ఆ మనిషిని ముందే ఏదో పనిమీద బజారుకి పంపేది. నలభై ఏళ్లలో మా ఇంట్లో పెద్ద గొడవలేమీ జరగలేదు. అది మా అదృష్టమని అందరం అనుకున్నాం. నేను కూడా అనుకున్నాను. జరగనివాటిని ఎవరు లెక్కపెడతారు చెప్పండి!

ఇంతవరకు వచ్చాక ఆపడమే గొప్పదని తీర్పు చెప్పి ఊరుకోవచ్చు. నేనూ అదే అనుకుని రెండో ఆదివారం మళ్లీ గ్రౌండుకి వెళ్లాను. ఈసారి బంతిని చూడనని ఒట్టు పెట్టుకున్నాను. మనవణ్ణి మాత్రమే చూశాను. వాడు అరుస్తూ పక్కవాళ్లని సర్దుతున్నాడు. బంతి ఎక్కడో ఉండగానే రెండడుగులు పక్కకి జరిగి సందు మూస్తున్నాడు. నా గుండె ఉప్పొంగింది. పుస్తకంలో మూడో గీత గీసి 'ఆపాక ఏమైంది?' అని రాసుకున్నాను. మావాడికి ఇంకా మార్కులు పడతాయని ఆశ.

అక్కడే వచ్చింది చిక్కు.

ఆ రోజు మావాడు పన్నెండుసార్లు ఆపాడు. ఆపిన ప్రతిసారీ తల ఎత్తకుండా కుడికాలితో గట్టిగా తన్నాడు. పన్నెండులో ఎనిమిది తిన్నగా అవతలి జట్టువాడి కాళ్ల దగ్గర పడ్డాయి. ఆ ఎనిమిదిలో అయిదు అరనిమిషం తిరక్కుండా మళ్లీ మావాడి మీదికే వచ్చాయి. అంటే వాడు ఆపిన పన్నెండులో అయిదు, వాడు పోగొట్టినవే! దొంగని పట్టుకోవడం, వీధి చివర వదిలెయ్యడం, మళ్లీ పట్టుకోవడం. లెక్కలో ముగ్గురు దొంగలు, చూస్తే ఒక్కడే దొంగ. అయిదోసారి వచ్చిన బంతి గోలైంది.

మొదటి ఆదివారం పధ్నాలుగులోనూ ఇలాంటివి ఎన్నున్నాయో దేవుడికెరుక. అక్కయ్య అడిగిన ప్రశ్నకి సగం సమాధానం అక్కడుంది. ఆ పొడుగాటి కుర్రాడు ఆపినవి మూడే ఎందుకయ్యాయంటే, బంతి తన దగ్గరికొస్తే మళ్లీ శత్రువుకి ఇవ్వలేదు గనక. నేను 'ఆపినవి' ఒక గడి, 'అందించినవి' ఇంకో గడి అని గీత గీశాను చూశారూ, ఆ గీతే తప్పు. అందించడం అనేది ఆపడంలో రెండో సగం. పాలు పొంగకుండా దించడం ఒక పని. దించిన గిన్నెని పిల్లి అందుకోనిచోట పెట్టడం ఇంకో పని. రెండోది చెయ్యనిదే మొదటిదానికి అర్థం లేదు.

మూడో ఆదివారం ఇంకో స్కూలు జట్టు వచ్చింది. అందులో ఒకడు గాలిలా పరిగెత్తుతాడు. ఈసారి ఆ పొడుగాటి కుర్రాడి వంతు. మొదట అంతా బాగుంది. పాసులు ముగ్గేసినట్టు పోతున్నాయి. జట్టంతా ముందుకి జరిగింది, వెనక మైదానంలో సగం ఖాళీ. ఎక్కడో ముందు మనవాళ్లే బంతి పోగొట్టారు. ఆ గాలిపిల్లాడు అందుకుని వచ్చేస్తున్నాడు. మన కుర్రాడు బంతివైపు ఉరికాడు, వాడు పక్కనించి జారిపోయాడు. ఉరకకూడదురా నాయనా, వెనక్కి నడవాలి, దారిలో నిలబడాలి అని నేను చెట్టుకింద గొణుక్కుంటున్నాను. అలాంటివి రెండు గోళ్లు పడ్డాయి. ఆ పిల్లవాడి మొహం చూస్తే జాలేసింది. అందంగా ఆడేవాళ్లకి ఎవరూ ఆపడం నేర్పరు కాబోలు, అవసరం వచ్చేదాకా.

ఫార్వర్డు తప్పుచేస్తే ఒక అవకాశం పోతుంది, మరొకటి వస్తుంది. డిఫెండరు తప్పుచేస్తే గోలు పోతుంది, అది తిరిగిరాదు. అందుకని ఎవరైనా నన్నడిగితే ముందు ఆపడమే చూడండి అంటాను. అది కూడా ఎన్ని ఆపాడని కాదు, ఎందరు దాటారని, ఎందరు దాటాలనే అనుకోలేదని. ఆ తర్వాత ఆపిన బంతి ఎవరికి చేరిందో చూడండి. ఆ రెండో పరీక్ష తప్పితే మొదటి పరీక్షలో మార్కులు సగం అబద్ధం. రెండూ ఒకడికే ఉంటే వాన్ డైక్. చెరొకరిలో ఒకటి ఎక్కువుంటే ఇటలీ జంటలా పక్కపక్కన నిలబెట్టడం తెలిసినవాడు మంచి కోచ్.

ఇదంతా మీకు చెప్పడం తేలిక. వాడికి చెప్పడం?

ఆ రాత్రి పుస్తకం తీసుకుని వెళ్లాను. వాడు ఆశగా చూశాడు, నానమ్మ తన తరఫున సాక్ష్యం తెచ్చిందని. మూడో గడి చూపించాను. అయిదు బంతుల చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

"నువ్వు కూడానా నానమ్మా" అన్నాడు చివరికి.

ఆ మాటకి నా కడుపులో దేవినట్టయింది. మావారిలా "రికమెండేషన్" అని ఒక్కమాట అనేస్తే ఇద్దరికీ హాయిగా ఉండేది. కానీ రెండడుగులు పక్కకి జరిగి సందు మూసినవి కూడా చూశానని, అవి కోచ్ గారు చూశారో లేదో గానీ నేను చూశానని, ఏ నిమిషంలో ఏది చేశాడో ఒక్కొక్కటీ చెప్పాను. వాడు కళ్లు తుడుచుకుని, "అది కూడా రాశావా?" అన్నాడు. రాశాను మరి.

అప్పుడు మామగారి మాట ఇంకొకటి గుర్తొచ్చింది. రహీం సాబ్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని షరతుపెట్టి పోటీలు పెట్టేవారట. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో. కుంటుతున్నట్టు ఆడేవాళ్లని చూసి మామగారికి మొదట నవ్వొచ్చేదిట. తర్వాత్తర్వాత రాలేదుట. ఇది చెప్పాను.

మర్నాటినుంచి మా ఇంటి వెనక గోడకి కష్టాలు మొదలయ్యాయి. సాయంత్రం అయిదునుంచి ఆరుదాకా ధబ్, ధబ్. ఎడమకాలితో తన్నడం, తిరిగొచ్చిన బంతిని తల ఎత్తి చూసి మళ్లీ తన్నడం. కిందటేడు వేయించిన సున్నం గుండ్రంగా రాలిపోయింది. పక్కింటావిడ రెండుసార్లు గోడమీంచి తొంగిచూసింది. మా అబ్బాయి "పరీక్షలు" అని మూడుసార్లు అన్నాడు. వాడు పుస్తకాలూ మానలేదు, గోడనూ మానలేదు.

రెండు నెలలయింది. వాణ్ణి జట్టులోకి పూర్తిగా తీసుకోలేదు. కిందటి ఆదివారం మాత్రం చివరి ఇరవై నిమిషాలు దింపారు, ఆ పొడుగాటి కుర్రాడి పక్కనే. ఆరోజు అక్కయ్యని కూడా బలవంతాన ఆటో ఎక్కించాను. మోకాళ్లనొప్పులతో సిమెంటు గట్టుమీద కూచుని, బంతి ఎటుపోతే అటు కాకుండా తనకి తోచినవైపు చూస్తోంది.

ఒకసారి అవతలి గాలిపిల్లాడు బంతితో బయల్దేరాడు. మావాడు ఉరకలేదు. రెండడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకి వేశాడు. ఆ పిల్లాడు ఆగి, అటూ ఇటూ చూసి, దారిలేక బంతిని వెనక్కి ఇచ్చేశాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కన కూచున్న ఒకాయన ఆవలించాడు.

అక్కయ్య మోచేత్తో నన్ను పొడిచింది. "రాయవేమే?"

పుస్తకం తీశాను. మూడు గడుల్లోనూ దానికి చోటు లేదు. పేజీ చివర ఖాళీలో, ఆవిడ చూస్తుండగా, నాలుగో గీత గీశాను. ఆ గడికి పేరేం పెట్టాలో తోచలేదు. పేరు లేకుండానే ఒకటి అని వేశాను.